హామర్ హారర్ సినిమాల్లో ఆ సత్రం యజమాని ఎవరు? లీ, కుషింగ్ కాకుండా మిగతావాళ్ళని గుర్తుపెట్టుకునేదెలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. 1950లు, 60లు, 70లలో ఇంగ్లండ్‌లో తీసిన హారర్ సినిమాలు వరసపెట్టి చూస్తున్నారు, కానీ క్రిస్టఫర్ లీ, పీటర్ కుషింగ్ తప్ప ఒక్క పేరూ బుర్రలో నిలవట్లేదు. పైగా పెద్ద కళ్ళూ ముడతల మొహమూ ఉన్న ఒక పొట్టాయన సినిమా సినిమాకీ సత్రంలో బీరు పోస్తూ కనబడుతున్నాడు. అతనెవరో కావాలి, మిగతావాళ్ళని పట్టుకునే ఉపాయం ఏదైనా ఉంటే అదీ కావాలి.

అతని పేరు మైకేల్ రిప్పర్. మీరు చూస్తున్న వాటిల్లో చాలా సినిమాలు తీసిన ఇంగ్లీషు కంపెనీ హామర్, ఆ కంపెనీ సినిమాల్లో అందరికంటే ఎక్కువ వాటిల్లో కనబడిన నటుడు ఆయనే. లీ కాదు, కుషింగ్ కూడా కాదు. ఇక ఉపాయం అంటారా, దయ్యాన్ని చూడకండి, దయ్యం ఎదురుగా నిలబడి భయపడేవాళ్ళని చూడండి. చూడటం కంటే ముందు వాళ్ళ గొంతు వినండి.

ఇలా ఎందుకంటున్నానంటే నేను చాలా ఏళ్ళుగా డబ్బింగ్ చెబుతున్నాను. మా పనిలో మొహం కంటే గొంతు ముందు పట్టుబడుతుంది. ఈ సినిమాల్లో మొహాల్ని నమ్ముకుంటే మీరు పడుతున్న తంటాలే పడాలి. అందరూ 19వ శతాబ్దపు కోట్లలో ఉంటారు, అందరికీ బుగ్గమీసాలు, విగ్గులు. వెనక సెట్లు కూడా అవే. థేమ్స్ నది ఒడ్డున బ్రే అనే చోట హామర్‌వాళ్ళకి చిన్న స్టూడియో ఉండేది, అక్కడ ఒక సినిమాకి వేసిన కోట గోడే ఇంకో సినిమాలో ఇంకో ఊరి గోడ అయిపోయేది. 1965లో నాలుగు సినిమాల్ని ఒకదాని వెంట ఒకటి తీసి సెట్లు అటూ ఇటూ మార్చి వాడుకున్నారు. 'ద ప్లేగ్ ఆఫ్ ద జాంబీస్', 'ద రెప్టైల్' రెండూ చూసుంటే మీకు ఊరు ఒకటే అనిపించి ఉంటుంది, నిజంగానే ఒకటే. జాక్వెలిన్ పియర్స్ రెండిట్లోనూ ఉంది, రెండిట్లోనూ చచ్చిపోతుంది. మీ రిప్పరూ రెండిట్లోనూ ఉన్నాడు, ఒకదాంట్లో పోలీసు సార్జెంటు, ఇంకోదాంట్లో సత్రం యజమాని. ఇంక బుర్ర తిరగక ఏం చేస్తుంది!

గొంతు మాత్రం విగ్గు పెట్టుకోదు.

రిప్పర్ సంగతే తీసుకుందాం. 1913లో పోర్ట్స్‌మత్‌లో పుట్టాడు, కుషింగ్ పుట్టిన ఏడాదే. మొదట నాటకాల మనిషి. 1950ల మొదట్లో థైరాయిడ్ ఆపరేషన్ జరిగి, హాల్లో చివరి వరస దాకా వినబడేట్టు గొంతెత్తే శక్తి పోయింది. స్టేజీ నటుడికి అది ఉద్యోగం పోవడమే. అప్పుడు సినిమాల వైపు పూర్తిగా వచ్చేశాడు. ఆ కాస్త గరగరా, పెద్దగా అరవలేక మాటని నోటి ముందరే ఉంచుకునే పద్ధతీ ఆ తరవాత ఆయన ప్రతి పాత్రలోనూ వినబడతాయి. స్టేజీకి పనికిరాని ఆ గొంతు మైక్‌కి భలే సరిపోయింది. మైక్ ముందు అరిచేవాడి కంటే మాట మింగేవాడే ఎక్కువ భయపెడతాడు, డబ్బింగ్ థియేటర్లో కొత్తగా వచ్చినవాళ్ళకి ముందుగా చెప్పే మాట కూడా ఇదే. ఊరవతల కోట వైపు వెళ్ళొద్దు బాబూ అని ఒక సత్రం యజమాని చెబితే మనం నమ్మాలంటే, అతను ఆ విషయం గట్టిగా చెప్పడానికి కూడా జంకుతున్నట్టు వినబడాలి. రిప్పర్‌కి ఆ జంకు పుట్టుకతో వచ్చినట్టు ఉంటుంది.

ఆయన్ని సత్రానికే కట్టేయడం అన్యాయం అనుకోండి. 'ద రివెంజ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్' (1958)లో శవాలు తవ్వుకునే దొంగ. 'ద కర్స్ ఆఫ్ ద వేర్‌వుల్ఫ్' (1961)లో జైలు గదిలో పడి ఉన్న ముసలి తాగుబోతు, పక్కనే ఆలివర్ రీడ్ తోడేలుగా మారుతుంటే చూసేది ఇతనే, ఆ జైల్లో మొదట పోయేదీ ఇతనే. 'కెప్టెన్ క్లెగ్' (1962)లో శవపేటికలు చేసేవాడు. నా దృష్టిలో ఆయన అన్నిటికంటే బాగా చేసింది మాత్రం 'ద మమ్మీస్ ష్రౌడ్' (1967). సినిమా గొప్పదేం కాదు, ముందే చెబుతున్నాను, మొదటి పావుగంట మీరు ఫోన్ చూసుకున్నా నష్టం లేదు. అందులో రిప్పర్ ఒక డబ్బున్న దొరగారి దగ్గర పనిచేసే లాంగ్‌బారో అనే చిన్న ఉద్యోగి. దొర తిడితే నవ్వాలి, తిట్టకపోయినా నవ్వాలి. ఈజిప్ట్ వదిలి ఇంగ్లండ్ వెళ్ళిపోతే చాలు దేవుడా అని ఒక్కటే కోరిక. చివరికి అతని దగ్గరికి మమ్మీ వచ్చే సీన్‌లో కళ్ళద్దాలు లేక ఎదురుగా ఉన్నదేమిటో అతనికి సరిగ్గా కనబడదు. మనకి కనబడుతుంది. ఆ మసక చూపూ, ఎవరో మనిషే అనుకుని ముందు మర్యాదగా ఉండబోయే ఆ అలవాటూ ఉన్నాయి చూశారా, ఆ పాపం మనిషి కోసం కడుపు తరుక్కుపోతుంది. కట్ల లోపల ఉన్నది లీకి డూప్ చేసే ఎడ్డీ పవెల్. నిజం చెప్పాలంటే మమ్మీగా ఆయన చేయాల్సింది నడవడమే, సీన్ మొత్తం రిప్పర్ మోశాడు.

మన పాత సినిమాల్లో సాక్షి రంగారావు గారు గుమస్తాగానో గుడి పూజారిగానో తెర మీదకొస్తే ఆ ఊరు నిజంగా ఉన్నట్టు అనిపించేది కదా, హామర్‌కి రిప్పర్ అలాంటివాడు.

ఒక జాగ్రత్త. ప్రతి సత్రం యజమానీ రిప్పర్ కాదు. లీ మొదటిసారి డ్రాకులాగా వేసిన 1958 సినిమాలో సత్రం నడిపే లావుపాటి మనిషి జార్జ్ వుడ్‌బ్రిడ్జ్, ఆ సినిమాలో రిప్పర్ అసలు లేడు. వుడ్‌బ్రిడ్జ్‌ది కడుపులోంచి వచ్చే బరువైన గొంతు. కళ్ళు మూసుకుని వింటే ఇద్దరూ కలిసే ప్రసక్తే లేదు.

ఇప్పుడు మీకు ఎలాగూ తెలిసిన ఇద్దరి దగ్గరికి వస్తాను, ఎందుకంటే తెలుసు అనుకునేవాళ్ళలో చాలామంది వాళ్ళని కూడా తిన్నగా చూడరు. కుషింగ్ మే 26న పుట్టాడు, లీ మే 27న, వయసులో తొమ్మిదేళ్ళ తేడా. అమెరికా హారర్ నటుడు విన్సెంట్ ప్రైస్ కూడా మే 27నే. (ఇది గుర్తుపెట్టుకోవడానికి పనికొస్తుంది, జ్యోతిష్యం కోసం కాదు.) 1957లో వచ్చిన 'ద కర్స్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్' తీసేటప్పుడు లీకి రాక్షసుడి వేషం, ఒక్క డైలాగ్ లేదు. నాకు మాటలే లేవని విసుక్కుంటే కుషింగ్ "నువ్వు అదృష్టవంతుడివి, నేను స్క్రిప్ట్ చదివాను" అన్నాడని లీ తరవాత చాలాసార్లు చెప్పుకున్నాడు. మరుసటి ఏడాది డ్రాకులాలోనూ లీ మాట్లాడేది మొదట్లో తన కోటకి వచ్చిన హార్కర్‌తోనే, అదీ తొందర తొందరగా, మర్యాదస్తుడైన ఇంటి యజమానిలా. ఆ తరవాత సినిమా అయిపోయేదాకా బుసలే. 1966 నాటి 'డ్రాకులా: ప్రిన్స్ ఆఫ్ డార్క్‌నెస్'లో అయితే దాదాపు సగం సినిమా గడిచాక గానీ రాడు, వచ్చాక ఒక్క మాటా మాట్లాడడు. డైలాగులు చెత్తగా ఉన్నాయని నేనే చెప్పనన్నాను అని లీ అనేవాడు. అసలు నేను డైలాగులే రాయలేదు అని రచయిత జిమ్మీ సాంగ్‌స్టర్ అనేవాడు. ఎవరిది నిజమో వదిలేయండి, సినిమాకి మాత్రం మేలే జరిగింది.

మాటల్లేని పాత్రకి డబ్బింగ్ చెప్పడం తేలికని బయటివాళ్ళు అనుకుంటారు. రియాక్షన్లు అంటాం మేము, ఊపిరి, మూలుగు, ఉలికిపాటు, ఇవే చచ్చేంత కష్టం. లీ ఆరడుగుల అయిదంగుళాల మనిషి, పాటగాడి గొంతు. అంత గొంతుని లోపల నొక్కిపట్టి ఊపిరితోనే నటించడం వినాలంటే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూడండి. తరవాత 'ద డెవిల్ రైడ్స్ అవుట్' (1968) పెట్టండి, అందులో మంచివాడి వేషం, గుక్కతిప్పుకోకుండా మాట్లాడతాడు. అప్పుడు తెలుస్తుంది ఎంత దాచుకున్నాడో.

కుషింగ్ ఇందుకు తలకిందులు. ఆయన మాట్లాడుతూనే ఉంటాడు, చేతులు ఏదో ఒక పని చేస్తూనే ఉంటాయి. అద్దం తుడవడం, గ్లవ్స్ తీయడం, పుస్తకంలో వేలు పెట్టి మూయడం. సెట్లో ఆయనకి 'ప్రాప్స్' పీటర్ అని పేరే ఉండేది. 1958 డ్రాకులాలో ఆయన డ్రాకులాని వేటాడే డాక్టర్ వాన్ హెల్సింగ్, తన నోట్సుని అప్పటి ఫోనోగ్రాఫ్‌లోకి చెప్పి రికార్డు చేసుకుని మళ్ళీ వింటాడు, నాకు మహా ఇష్టమైన సీన్, కారణం చెప్పక్కర్లేదు. వెల్లుల్లి, శిలువ, పగటి వెలుగు అంటూ ఆయన చెప్పేదంతా ఎవరైనా చెబితే నవ్వొచ్చే సరుకు. ఆయన మందుల చీటీ చదువుతున్న డాక్టర్లా చెబుతాడు, నమ్మేస్తాం. చివర్లో బల్ల మీద పరిగెత్తి ఎగిరి తెరలు లాగేయడం, రెండు కొవ్వొత్తి స్టాండ్లు అడ్డంగా పెట్టి శిలువ చేయడం ఆయన ఇచ్చిన ఆలోచనలే. ఆ పోరాటం కంటే నాకు గుర్తుండేది దానికి ముందు శ్మశానంలో వణుకుతున్న చిన్నపిల్లకి తన కోటు తీసి కప్పడం. 1971 జనవరిలో ఆయన భార్య హెలెన్ పోయింది. ఆ తరవాత వచ్చిన సినిమాల్లో, 'ట్విన్స్ ఆఫ్ ఈవిల్' దగ్గర్నించే, మొహం పీక్కుపోయి పదేళ్ళు పెద్దవాడైపోయినట్టు ఉంటాడు. 1972లో 'టేల్స్ ఫ్రమ్ ద క్రిప్ట్'లో భార్య పోయిన ఒంటరి ముసలాయన వేషం వేశాడు. అది చూసేటప్పుడు నాకు నటన గురించి మాట్లాడబుద్ధి కాదు.

ఇక్కడే ఇంకో పేరు ఉచితంగా గుర్తుపెట్టుకోవచ్చు. భార్య జబ్బు వల్ల కుషింగ్ 'బ్లడ్ ఫ్రమ్ ద మమ్మీస్ టూంబ్' ఒక్కరోజు షూటింగ్ చేసి మానుకుంటే ఆ పాత్రలోకి వచ్చినవాడు ఆండ్రూ కీర్, స్కాట్లండ్ మనిషి. 'ప్రిన్స్ ఆఫ్ డార్క్‌నెస్'లో తుపాకీ పట్టుకుని తిరిగే గడ్డం ఫాదరీ, 1967 'క్వాటర్‌మాస్ అండ్ ద పిట్'లో శాస్త్రవేత్త, రెండూ ఆయనే. కుషింగ్ గొంతు కత్తి అయితే కీర్ గొంతు సుత్తి.

ఇప్పుడు అసలైన మనిషి, బార్బరా షెల్లీ. హీరోయిన్లలో ఒక్కరినే గుర్తుపెట్టుకుంటానంటే ఈమెనే పెట్టుకోండి. 'ప్రిన్స్ ఆఫ్ డార్క్‌నెస్'లో హెలెన్ అనే బిగుసుకుపోయిన పెద్దింటి ఆవిడ, ఈ కోటలోకి వద్దు వద్దు అని మొదటి నుంచీ మొత్తుకునేది ఈమె ఒక్కతే, ఎవరూ వినరు, ఆమే బలైపోతుంది. రక్తపిశాచిగా మారాక జుట్టు విరబోసుకుని నవ్వుతుంటే అదే మనిషి అంటే నమ్మలేం. మఠంలో సన్యాసులందరూ పట్టుకుని బల్ల మీద అదిమి గుండెలో మేకు దిగేసే సీన్ ఉంది, దాంట్లో భయంగా కనబడేది ఆమె కాదు, వాళ్ళు. తమాషా ఏంటంటే ఆ సినిమాలో ఆమె కేక ఆమెది కాదు. షెల్లీకి కేకలు సరిగ్గా కుదరవని పక్క పాత్ర వేసిన సూజన్ ఫార్మర్ చేత వేయించారు. ఒకే సినిమాలో రెండు పాత్రల కేకలూ ఒకరివే అన్నమాట. ఇలాంటివి మా లోకంలో రోజూ జరుగుతాయి, కేకలు బాగా వేసే అమ్మాయి ఒకరుంటే నలుగురికీ ఆమే వేస్తుంది, తెర మీద పేరు పడదు. షెల్లీ 2021 జనవరిలో 88 ఏళ్ళ వయసులో పోయారు.

గొంతు గురించి ఇంత చెప్పాక ఒక మెలిక కూడా చెప్పకపోతే మోసం చేసినట్టే. ఈ సినిమాల్లో కొందరి గొంతు వాళ్ళది కాదు. రాజశేఖర్ మొహానికి సాయికుమార్ గొంతు విని పెరిగిన మనకి ఇందులో షాకేం లేదు, ఇంగ్లీషువాళ్ళు మాత్రం ఇది బయటికి పెద్దగా చెప్పుకోరు. 'ద డెవిల్ రైడ్స్ అవుట్'లో లీ పక్కన ఉండే లియాన్ గ్రీన్‌కి గొంతు ఇచ్చింది ప్యాట్రిక్ ఆలెన్. గ్రీన్ ఆపెరా గాయకుడు, ఆయన గొంతుకి ఏం లోటో వాళ్ళకే తెలియాలి. 'స్కార్స్ ఆఫ్ డ్రాకులా' (1970)లో జెన్నీ హాన్లీది ఆమె గొంతు కాదు. పోలండ్‌లో పుట్టి, చిన్నప్పుడు నాజీల స్టుట్‌హాఫ్ శిబిరంలోంచి బతికి బయటపడిన ఇంగ్రిడ్ పిట్‌కి 'కౌంటెస్ డ్రాకులా' (1971)లో వేరే ఆమె చేత చెప్పించారు. పిట్‌ది వార్సా యాస, పాత్ర హంగరీ జమీందారిణి, ఆ యాసకి తప్పేముందో నాకిప్పటికీ అర్థం కాదు. ఆమె అసలు గొంతు వినాలంటే 'ద వాంపైర్ లవర్స్' (1970) చూడండి. 1974లో హాంకాంగ్‌లో తీసిన 'ద లెజెండ్ ఆఫ్ ద సెవెన్ గోల్డెన్ వాంపైర్స్'లో డ్రాకులాగా కనబడేది జాన్ ఫోర్బ్స్-రాబర్ట్‌సన్, వినబడేది డేవిడ్ డి కైజర్. అదే ఏడాది హామర్ చివరి ఫ్రాంకెన్‌స్టైన్‌లో రాక్షసుడిగా వేసిన డేవ్ ప్రౌజ్ సంగతి మీకు తెలిసే ఉంటుంది, మూడేళ్ళ తరవాత 'స్టార్ వార్స్'లో డార్త్ వేడర్ అనే విలన్ ఒళ్ళు ఆయనది, గొంతు జేమ్స్ ఎర్ల్ జోన్స్‌ది. ఆ 'స్టార్ వార్స్'లోనే ఆయన పక్కన టార్కిన్ అనే ఇంకో విలన్‌గా ఉన్నది కుషింగ్, బూట్లు కరిచేస్తున్నాయని చాలా షాట్లు ఇంటి చెప్పులతో లాగించాడు.

ఇది తిరగేసిన కేసు చార్లెస్ గ్రే. 'ద డెవిల్ రైడ్స్ అవుట్'లో మంత్రగాడు మొకాటా. పట్టపగలు మంచి సూటు వేసుకుని ఒక ఇంటి హాల్లో కూర్చుని, ఆ ఇంటావిడతో నెమ్మదిగా, తేనె రాసినట్టు మాట్లాడుతూ ఆవిడని లొంగదీసుకునే సీన్ ఒకటుంది. గొంతుతో నటించడం నేర్చుకునేవాళ్ళకి నేను చూపించేది అదే. ఒక్క ఎఫెక్ట్ లేదు, ఒక్క పెద్ద మాట లేదు. జాక్ హాకిన్స్ అనే పెద్ద నటుడికి 1966లో గొంతు క్యాన్సర్ ఆపరేషన్ అయి మాట పోతే, ఆ తరవాత ఆయన నటించిన కొన్ని సినిమాల్లో ఆయన తరపున మాట్లాడింది కూడా ఈ గ్రేనే. ఇంకొకరి గొంతులా వినబడగలిగినవాడు తన గొంతుని ఎంత ఎరిగి ఉంటాడో ఆలోచించండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. 1958 డ్రాకులాలో ఆర్థర్‌గా వేసిన మైకేల్ గాఫ్ మీకు బాగా తెలుసు, 1989 నుంచి 1997 వరకు నాలుగు బ్యాట్‌మాన్ సినిమాల్లో ఆల్‌ఫ్రెడ్ ఆయనే. అదే డ్రాకులాలో జోకులేసే శవపేటికల దుకాణం ముసలాయన మైల్స్ మాలెసన్, చుబుకం బుగ్గల్లో కలిసిపోయిన మొహం, నోట్లో ఏదో నములుతున్నట్టుండే మాట. 'ప్రిన్స్ ఆఫ్ డార్క్‌నెస్'లో ఈగలు తినే పిచ్చాయన థోర్లీ వాల్టర్స్. హామర్ బయట అయితే 'విలేజ్ ఆఫ్ ద డామ్డ్' (1960), 'ది ఇన్నోసెంట్స్' (1961) రెండిట్లోనూ మిమ్మల్ని వణికించిన పిల్లవాడు ఒక్కడే, మార్టిన్ స్టీఫెన్స్. పెద్దయ్యాక నటన మానేసి ఆర్కిటెక్ట్ అయ్యాడు.

ఎలా మొదలెట్టాలి అంటే నా పద్ధతి ఇది. లిస్టు రాసుకుని బట్టీ పట్టకండి, రెండ్రోజుల్లో ఎగిరిపోతుంది. ఒక సినిమా చూసేశాక అందులో మీకు నచ్చిన ఒక్క సీన్ మళ్ళీ పెట్టి స్క్రీన్ వైపు చూడకుండా వినండి. తరవాత సౌండ్ ఆపేసి మాట్లాడని మనిషి మొహం మాత్రం చూడండి. అప్పుడు టైటిల్స్‌కి వెళ్ళి ఆ ఒక్కరి పేరు వెతకండి. సినిమాకి ఒక్క పేరు చాలు. 1958 డ్రాకులా, 'ప్రిన్స్ ఆఫ్ డార్క్‌నెస్', 'ద డెవిల్ రైడ్స్ అవుట్', 'ద రెప్టైల్', ఈ నాలుగు చాలు మొదటికి. ఇందులో మొదటి మూడూ టెరెన్స్ ఫిషర్ తీసినవి, నాలుగోది జాన్ గిల్లింగ్ తీసింది.

'రెప్టైల్' చివర పెట్టడానికి కారణం ఉంది. రిప్పర్ అందులో సత్రం యజమానే గానీ తలుపులు బిడాయించుకునే రకం కాదు, ఊరంతా వెలేసిన కొత్త జంటకి సాయం చేసేది అతనొక్కడే, ఆయనకి దొరికిన మంచి పాత్రల్లో ఒకటి. దాంతోపాటు అందులో మాటలు తక్కువగా, ఎప్పుడూ పక్కన నిలబడి చూస్తుండే మలయా దేశపు నౌకరు ఒకడుంటాడు. అది వేసిన మార్న్ మెయిట్‌లాండ్ మన కలకత్తాలో పుట్టినవాడు. ఇదే హామర్‌వాళ్ళు థగ్గుల మీద తీసిన 'ద స్ట్రాంగ్లర్స్ ఆఫ్ బాంబే'లో కూడా ఉన్నాడు, అందులో కాళికాదేవి పూజారిగా వేసింది మాత్రం సైప్రస్ నుంచి వచ్చిన జార్జ్ పాస్టెల్. అప్పట్లో లండన్‌లో కాస్త చామనఛాయగా ఉంటే చాలు, ఈజిప్టువాడు, చైనావాడు, బెంగాలీ, అన్నీ వాళ్ళచేతే వేయించేవారు. 'రెప్టైల్'లో శాపం బోర్నియో నుంచి వస్తుంది, కథ జరిగేది ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో, పియర్స్ కూర్చుని వాయించేదేమో సితార్! దానికి లాజిక్ అడక్కండి. ఆమె వాయిస్తుంటే తండ్రి పాత్ర వేసిన నోయెల్ విల్మన్ మొహం మాత్రం సౌండ్ ఆపి ఒకసారి చూడండి, ఆ తరవాత ఆ పేరు మర్చిపోతే నన్నడగండి.